బరిలోకి దిగినవాడి పేరు

(బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు అక్షరాలు రాసిన ఒక మేస్త్రి స్మృతిలో ఇచ్చిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)

కొత్త లారీకి బాడీ కట్టడం పూర్తయ్యాక అందరికన్నా ఆఖరున వచ్చేది అక్షరాలు రాసే మేస్త్రి. అప్పటికి వెల్డింగ్ వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. చెక్కపని అయిపోయి ఉంటుంది. రంగు ఆరి ఉంటుంది. మేస్త్రి చేతిలో సన్న కుంచెలు, చిన్న చిన్న ఎనామిల్ డబ్బాలు, సుద్ద రాసిన దారం. దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బిగబట్టి వేలితో ఒక్కసారి మీటితే వెనక డోరు మీద తెల్లగీత పడుతుంది. ఆ గీత మీద అక్షరాలు నిలబడతాయి. బండి కన్యాకుమారి పోయినా కలకత్తా పోయినా వెనకాల వచ్చేవాళ్లు చదివేది వాటినే.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆ మేస్త్రికి ఒక పట్టుదల ఉండేది. అర్థం తెలియని మాట బండి మీద రాసేవారు కాదు. రాసేవాడికి తెలియకపోతే కుంచె వణుకుతుందని ఆయన నమ్మకం. ఒకసారి ఓ లారీ యజమాని వెనక డోరు మీద ‘ఛాంపియన్’ అని పెద్దక్షరాలతో రాయమన్నాడు. ‘అంటే ఏంటండీ?’ అని మేస్త్రి అడిగారు. ‘ఫస్టొచ్చినోడు’ అన్నాడు యజమాని. పక్క షెడ్డు మెకానిక్ తల ఎత్తకుండానే ‘కాదు మేస్త్రీ, అది స్పార్క్ ప్లగ్గు పేరు’ అన్నాడు. ఇద్దరి మాటా విని మేస్త్రి కుంచె కింద పెట్టేశారు. ఆ పూట ఆగిన కుంచె దగ్గరే ఈ ఉపన్యాసం మొదలవుతుంది.

మెకానిక్ మాటను తోసెయ్యడానికి లేదు. డీజిల్ లారీకి ప్లగ్గుతో పనిలేదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు బండికి మాత్రం నిప్పురవ్వ కావాలి. ప్లగ్గు కొసన రెండు లోహపు మొనల మధ్య మిల్లీమీటరు కూడా లేని సందు ఉంటుంది. ఆ సందులో రవ్వ దూకితేనే ఇంజను తిరుగుతుంది. బండి స్టార్టు కాకపోతే మెకానిక్ ముందు ప్లగ్గు విప్పి చేతిలో తిప్పి చూస్తాడు. పొడి మసి పట్టిందా, ఆయిలు తడి ఉందా, మొన అరిగిందా? ఎమెరీ కాగితంతో రుద్ది, గేజి పెట్టి సందు సరిచేసి, ఒకసారి ఊది మళ్లీ బిగిస్తాడు. అలా చేతిలో తిరిగిన ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద ‘ఛాంపియన్’ అన్న మాటను ఆటోనగర్ ఎన్నిసార్లు చూసి ఉంటుందో లెక్కలేదు.

ఆ పేరు గొప్ప కోసం పెట్టింది కాదు, ఒక మనిషి ఇంటిపేరు. ఆల్బర్ట్ ఛాంపియన్ 1878లో పారిస్‌లో పుట్టాడు. సైకిలు పందేలు తొక్కి పైకొచ్చాడు. రాళ్లు పరిచిన బాటల మీద పారిస్ నుంచి రూబే దాకా సాగే పందెం ఐరోపాలోకెల్లా ఒళ్లు హూనం చేసే పోటీల్లో ఒకటి. దాన్ని 1899లో గెలిచాడు. తర్వాత అమెరికా వెళ్లి, 1905లో బోస్టన్‌లో తన పేరుతో కంపెనీ పెట్టాడు. 1908లో జనరల్ మోటార్స్ స్థాపించిన డ్యురాంట్ పిలుపు మీద ఫ్లింట్ నగరానికి మారాడు. కానీ పాత భాగస్వాములైన స్ట్రానహాన్ సోదరులు ‘ఛాంపియన్’ పేరును వదలకుండా ఒహాయో రాష్ట్రంలోని టోలీడోకు తీసుకుపోయారు. సొంత పేరు చేజారినవాడు తన పేరులోని రెండు మాటల తొలి అక్షరాలు ‘ఏసీ’ని కొత్త ప్లగ్గుకు పెట్టుకున్నాడు. అలా ఒక్క సైకిలు వీరుడి పేరు రెండు పోటీ ప్లగ్గుల మీదికెక్కింది.

అసలు ఒక మనిషికి ‘ఛాంపియన్’ ఇంటిపేరు ఎలా వచ్చింది? మన దగ్గర జెట్టి అన్న ఇంటిపేరు వచ్చినట్టే వచ్చింది. జెట్టి అంటే మల్లుడు, కుస్తీ వీరుడు. వృత్తి తరాలకు అంటుకుని ఇంటిపేరవుతుంది. ఐరోపాలో ఛాంపియన్ అన్నది ఒకప్పుడు బిరుదు కాదు, పని. జీతం పుచ్చుకుని చేసే పని.

మాట మూలానికి పోతే లాటిన్‌లో ‘కాంపుస్’ కనిపిస్తుంది. దాని అర్థం దున్నిన పొలం కాదు, చదునైన బయలు. రోము నగరానికి ఆనుకుని, టైబర్ నది ఒడ్డున ‘కాంపుస్ మార్టియుస్’ అనే పెద్ద బయలు ఉండేది. మార్స్ అనే యుద్ధదేవత పేరున్న ఆ నేల మీద సైనికులు కసరత్తు చేసేవారు. బయలుకు దిగి పోరాడేవాణ్ణి తర్వాతి కాలపు లాటిన్ ‘కాంపియో’ అంది. ప్రాచీన ఫ్రెంచి దాన్ని ‘ఛాంపియన్’గా మార్చుకుంది. 13వ శతాబ్దంలో అది ఇంగ్లీషులో చేరింది. క్యాంపు, క్యాంపస్, క్యాంపెయిన్, షాంపేన్ పుట్టిన ఫ్రెంచి ప్రాంతం పేరు, అన్నీ ఆ ఒక్క బయలు బిడ్డలే. ఎన్నికలప్పుడు ఆటోకు మైకు కట్టి క్యాంపెయిన్‌కు పోయే కుర్రాడూ, కాలేజీ క్యాంపస్‌లో బస్సు దిగే అమ్మాయీ రోజూ పలికే మాటలో రోము సైనికుల కసరత్తు నేల దాగుంది.

తెలుగులో ఆ బయలుకు సరిగ్గా సరిపోయే మాట బరి. ‘బరిలో దిగాడు’, ‘బరిలో నిలిచాడు’ అని ఎన్నికల వార్తల్లో ఇప్పటికీ రోజూ రాస్తారు. బరి గీసి కుస్తీ పట్టిన కాలం మాట అది. మాట పుట్టుక చూస్తే ఛాంపియన్ అంటే బరివాడు. బరిలోకి దిగినవాడు. గెలిచినవాడా ఓడినవాడా అన్నది ఆ మాటలో లేదు. అందరూ మరిచిపోయిన సంగతి ఇదే.

దీనికి సాక్ష్యం పాత ఇంగ్లండు కోర్టుల్లో దొరుకుతుంది. 1066లో ఆ దేశాన్ని జయించిన నార్మన్లు తమ వెంట ఒక న్యాయపద్ధతి తీసుకొచ్చారు. నిజం ఎవరి పక్షాన ఉందో తేలకపోతే ఇద్దర్నీ పోరాడనివ్వాలి, దేవుడు నిజం చెప్పినవాడివైపే ఉంటాడు అన్నది దాని సారం. భూమి తగాదాల్లో కక్షిదారులు స్వయంగా దిగేవారు కాదు. తమ బదులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఛాంపియన్‌ను నిలబెట్టేవారు. ఆడవాళ్లకూ, ముసలివాళ్లకూ, మతగురువులకూ వేరే తగాదాల్లోనూ ఆ వెసులుబాటు ఉండేది. కొన్ని మఠాలు జీతం మీద ఛాంపియన్లను పోషించాయి. చేతిలో కర్ర, తోలు డాలు. పొద్దుపొడుపుకు మొదలైన పోరు ఆకాశంలో చుక్కలు పొడిచే దాకా తేలకపోతే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లదే అయ్యేది. మధ్యలో ఇక చేతకాదనుకున్నవాడు ‘క్రేవెన్’ అని ఒక్క మాట అరవాలి. ఓడానని ఒప్పుకునే మాట అది. అరిచినవాడు ఆ తర్వాత పరువున్న మనిషిగా చెలామణీ కాలేడు, సాక్ష్యానికి కూడా పనికిరాడు.

అక్కడ ఎకరాలు ఒకరివి, దెబ్బలు ఇంకొకరివి. బరిలో ఇద్దరు నిలబడితే ఇద్దరూ ఛాంపియన్లే. సాయంత్రానికి ఒకరు ఓడతారు, కానీ పొద్దున ఇద్దరికీ అదే పేరు.

ఆ చట్టం పుస్తకాల్లో ఎంత కాలం మిగిలిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1817లో ఏబ్రహాం థార్న్‌టన్ అనే అతని మీద హత్యానేరం మోపారు. చనిపోయిన అమ్మాయి సోదరుడు కోర్టుకెక్కాడు. థార్న్‌టన్ తన చేతితొడుగు నేల మీద విసిరి, పోరుకు సిద్ధమన్నాడు. శతాబ్దాలుగా ఎవరూ వాడని హక్కు అది. 1818లో న్యాయమూర్తులు పుస్తకాలు తిరగేసి ఆ హక్కు ఇంకా బతికే ఉందన్నారు. ఆ సోదరుడు పోరుకు దిగలేదు, థార్న్‌టన్ విడుదలయ్యాడు. ఆ మరుసటి ఏడాదే, 1819లో, పార్లమెంటు ఆ పద్ధతిని రద్దు చేసింది.

ఒక ఇంట్లో మాత్రం ఆ పాత పని వంశపారంపర్యంగా నిలిచిపోయింది. లింకన్‌షైర్‌లోని స్క్రివెల్స్‌బీ ఊరి డైమోక్ కుటుంబం రాజుగారి ఛాంపియన్లు. పట్టాభిషేకం విందు జరుగుతుండగా వాళ్ల మనిషి కవచం తొడిగి గుర్రం మీద హాలులోకి వచ్చేవాడు. రాజు హక్కును కాదనేవాడుంటే తనతో తలపడమని తొడుగు విసిరేవాడు. చివరిసారి అలా జరిగింది 1821లో, నాలుగో జార్జి పట్టాభిషేకానికి. 2023లో మూడో ఛార్లెస్ పట్టాభిషేకంలో ఆ వంశీయుడు రాజపతాకం మోశాడు.

మొదటి స్థానం వచ్చినవాణ్ణి ఛాంపియన్ అనడం వీటన్నిటి ముందు నిన్నటి సంగతి. 18వ శతాబ్దంలో గానీ ఆ వాడుక కనిపించదు. అంతవరకు అయిదు వందల ఏళ్ల పాటు ఆ మాటకు అర్థం వేరొకరి తరఫున బయలుకు దిగినవాడు. ‘ఫస్టొచ్చినోడు’ అన్న లారీ యజమాని తప్పు చెప్పలేదు, మాట చివరి మజిలీ ఒక్కటే చెప్పాడు.

ఒకరి తరఫున ఇంకొకరు నిలబడటానికి తెలుగువాడు వాడే మాట వకాల్తా. ఉర్దూ దారిన కోర్టులోంచి వచ్చి ఇళ్లలో స్థిరపడింది. పిల్లవాణ్ణి తండ్రి కేకలేస్తుంటే అడ్డొచ్చిన నాయనమ్మను ‘వాడి తరఫున నీ వకాల్తా ఏంటి?’ అంటారు. పాత ఛాంపియన్‌కు ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. కర్రా డాలూ పోయాక ఆ పని నల్లకోటుకు దక్కింది. ఆ వృత్తిలోంచి వచ్చి, చివరికి ఒంటితోనే వకాల్తా పుచ్చుకున్న మనిషి పేరు ఈ ఊరి బ్యారేజీకుంది. టంగుటూరి ప్రకాశం బారిస్టరు, మద్రాసు హైకోర్టులో పేరుమోసిన న్యాయవాది. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జనం కదిలినప్పుడు పోలీసుల తుపాకుల ముందుకు వెళ్లి కాల్చమని రొమ్ము చూపారు. జనం ఆయన్ని ఆంధ్రకేసరి అన్నది అందుకే. కేసరి మంచి మాటే. అయితే ఆ క్షణంలో ఆయన చేసింది అచ్చంగా 13వ శతాబ్దపు అర్థంలో ఛాంపియన్ చేసే పని.

పక్కనే పల్నాడు. అక్కడి కథలో మనుషుల బదులు కోళ్లు దిగాయి. నాయకురాలు నాగమ్మ పక్షానికీ బ్రహ్మనాయుడి పక్షానికీ మధ్య కోడిపందెం, ఓడినవాళ్లకు ఊరు విడిచి వలస. బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు అని కథకులు చెబుతారు. మల్లు అంటే మల్లుడే. ఒక రాజ్యం తన భారాన్ని మోయడానికి నిలబెట్టిన పక్షికి కుస్తీవీరుడి పేరు పెట్టుకుంది. చట్టం వద్దన్నా సంక్రాంతికి డెల్టా ఊళ్లలో ఇప్పటికీ బరులు గీస్తారు. ఆ పుంజుల కాళ్లకు కత్తులు కట్టడాన్ని ఈ ఉపన్యాసం మెచ్చుకోలేదు. మాట కోసమే ఆ బరి దాకా వెళ్లింది.

ఇక బెజవాడ. ఊరి పేరులోనే విజయం ఉంది. పిడుగు పడితే తెలుగిళ్లలో అర్జునుడి పది పేర్లు తలుచుకుంటారు. ఆ పదిలో ఒకటి విజయుడు. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పేర్ల సంగతి చెబుతూ, పోరుకు వెళ్తే గెలవకుండా తిరిగి రాడు గనుక విజయుడన్నారని అర్జునుడే వివరిస్తాడు. ఫలితాన్ని బట్టి వచ్చిన పేరది. ఛాంపియన్ దిగడాన్ని బట్టి వచ్చిన పేరు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. అర్జునుడు తపస్సు చేసింది దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి మీదే అని ఈ ఊరి నమ్మకం. శివుడు బోయవాడి రూపంలో వచ్చాడు. పంది మీద ఇద్దరి బాణాలూ ఒకేసారి పడ్డాయి, ఎవరి వేట అని తగువు వచ్చింది. బాణాలు అయిపోయాక, విల్లు పోయాక కుస్తీకి దిగారు. ఆ కుస్తీలో అర్జునుడు ఓడిపోయాడు. ఒళ్లు నుగ్గయి స్పృహ తప్పాడు. పాశుపతం దొరికింది ఆ తర్వాతే. కొండ మీది స్వామి పేరు మల్లేశ్వరుడు. బ్రహ్మ మల్లెపూలతో పూజించాడు గనుక ఆ పేరని ఒక కథ, అర్జునుడితో మల్లయుద్ధం చేశాడు గనుక అని ఇంకో కథ. రెండో కథ పట్టుకుంటే, విజయుడు విజయం పొందని రోజును గుడి కట్టి కొలుస్తున్న ఊరు ఇది. ఆ కొండకు దగ్గర్లోనే విల్లు పట్టడం నేర్చిన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమెకు అంతకుముందే, 2017లో, వచ్చిన పురస్కారం కూడా అర్జున.

ఛాంపియన్ అన్న మాట తెలుగు నేలలో ఎక్కడ నాటుకుందని వెదికితే గుడివాడలో ఒక ఇంటి ఉయ్యాల దగ్గర దొరుకుతుంది. 1987 మార్చి 31న కోనేరు అశోక్, లత దంపతులకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ‘హంపి’ అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది తుంగభద్ర ఒడ్డు, రాతి రథం, శిథిలమైన విజయనగరం. తల్లిదండ్రుల మనసులో ఉన్నది అది కాదు. ‘ఛాంపియన్’ అన్న ఇంగ్లీషు మాట నడుమ నుంచి తీసిన తునక అది. ఇంగ్లీషు స్పెల్లింగును తర్వాత తండ్రి మార్చారు, చదరంగంలో ఆనాటి దిగ్గజాలైన రష్యన్ల పేర్లకు దగ్గరగా ఉండాలని. తెలుగులో మాత్రం హంపి హంపిగానే మిగిలింది. రోము బయల్లో పుట్టి, ఇంగ్లండు కోర్టుల్లో కర్రసాము చేసి, ప్లగ్గు పింగాణీ మీద కూర్చున్న మాట కృష్ణా జిల్లాలో ఒక పసిపిల్లకు ముద్దుగా సరిపోయేంత చిన్నదైంది. విజయనగరం రాజధానికీ ఆ పిల్లకూ ఒకే పేరు రావడం యాదృచ్ఛికం. కానీ ఎంత చక్కటి యాదృచ్ఛికం!

తండ్రికి చదరంగమంటే ప్రాణం. కూతురికి శిక్షణ ఇవ్వడానికి ఉద్యోగం మానేశారు. 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ పోటీలు గెలిచింది. 2001లో జూనియర్ బాలికల ప్రపంచ పోటీ కూడా ఆమెదే. 2002లో గ్రాండ్‌మాస్టర్ హోదా వచ్చేనాటికి ఆమె వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. అంత చిన్న వయసులో అంతకుముందు ఏ మహిళా ఆ హోదా అందుకోలేదు. హంగరీకి చెందిన జుడిత్ పోల్గార్ పేర ఉన్న రికార్డు మూడు నెలల తేడాతో చెరిగింది. 2003లో అర్జున పురస్కారం. 2007లో పద్మశ్రీ. అదే ఏడాది రేటింగ్‌లో 2600 గీత దాటిన రెండో మహిళ అయింది. మొదటి మహిళ పోల్గారే.

ఈ జాబితా చదివి పేరుకు తగ్గట్టే గెలిచింది అని ఊరుకుంటే అసలు కథ జారిపోతుంది. 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో ప్రపంచ మహిళా కిరీటం కోసం చైనా అమ్మాయి హౌ యీఫాన్‌తో తలపడి ఓడింది. 2004, 2008, 2010లలో అదే కిరీటం కోసం జరిగిన నాకౌట్ పోటీల్లో సెమీఫైనల్ దగ్గర ఆగింది. క్లాసికల్ ప్రపంచ కిరీటం ఇప్పటిదాకా ఆమె నెత్తికెక్కలేదు. 2017లో కూతురు పుట్టింది. సుమారు రెండేళ్లు బోర్డుకు దూరంగా ఉంది. ముప్పై దాటాక, అదీ తల్లయ్యాక, ఇంక ఏం ఆడుతుందని అనుకునే చోట 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. లీ టింగ్జీతో టైబ్రేక్. మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, చివరి ఆర్మగెడాన్ గేమ్‌ను నల్లపావులతో డ్రా చేసి నిలిచింది. ఆ ఆటలో నల్లపావులవారికి డ్రా చాలు, అదే గెలుపు.

అయిదేళ్ల తర్వాత న్యూయార్క్. 2024 డిసెంబరు, మళ్లీ ర్యాపిడ్. ఆమె మొదటి రౌండే ఓడింది. పదకొండు రౌండ్ల పోటీలో తొలి అడుగే తప్పితే చాలామంది మనసు సగం చచ్చిపోతుంది. ఆమె చివరి రౌండు దాకా కూర్చుని 8.5 పాయింట్లతో రెండోసారి కిరీటం పట్టుకుంది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు.

మరో ఏడు నెలలకు జార్జియా దేశంలోని బటూమి. 2025 మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు ఇద్దరూ భారతీయులే వచ్చారు. ఒకరు 38 ఏళ్ల హంపి, ఇంకొకరు 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్. రెండు క్లాసికల్ గేములూ డ్రా. జులై 28న ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టలేదు. మర్నాడు పత్రికలన్నీ ఛాంపియన్ అన్న మాటను దివ్యకు రాశాయి, అది న్యాయమే. పాత ఇంగ్లండు కోర్టు గుమస్తా ఎవరైనా ఆ హాల్లో కూర్చుని ఉంటే మాత్రం ఆట మొదలు కాకముందే బల్లకు రెండువైపులా ఉన్న ఇద్దరి పేర్ల పక్కనా అదే మాట రాసుకునేవాడు. ఆడవాళ్ల బదులు మగవాళ్లు కర్ర పట్టి దిగిన కోర్టు అది. ఈ బల్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ తరఫున తామే దిగారు, ఇంకా చెప్పాలంటే ఒక దేశం తరఫున దిగారు.

ఇంగ్లీషు ‘విన్’ కూడా మొదట గెలుపు మాట కాదు. పాత ఇంగ్లీషులో దాని మూలరూపం ‘విన్నన్’. దానికి అర్థం కష్టపడటం, పోరాడటం. పెనుగులాట ముందు, ఫలితం తర్వాత. ఆటోనగర్‌లో కమాను పట్టీలు విప్పి కొట్టి మళ్లీ వంపు తెచ్చే మనిషికి ఈ అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మేస్త్రి ఆ రోజు ఆ మాట రాశారా లేదా అంటే, రాశారు. పట్టుబట్టి యజమానిని కూర్చోబెట్టి, మెకానిక్‌నూ పిలిచి, ఇద్దరు చెప్పిందీ విని, ‘పోటీకి పోయేవాడని రాస్తాను, ఫస్టో కాదో రోడ్డు చెబుతుంది’ అన్నారట. తర్వాత వచ్చిన చిక్కు అక్షరం గురించి. కొన్ని పత్రికలు ‘చాంపియన్’ అని రాస్తాయి, కొన్ని ‘ఛాంపియన్’ అని. ఇంగ్లీషు పలుకుబడిలో ఛ అంత ఒత్తు లేదని పండితులు వాదించవచ్చు. మేస్త్రి దారం మీటి గీత కొట్టి, ముందు చ రాసి, దీర్ఘం ఇచ్చి, సున్న చుట్టి, పేరంతా పూర్తిచేశారు. రెండడుగులు వెనక్కి జరిగి చూశారు. మళ్లీ దగ్గరికి వచ్చి, సన్న కుంచెను ఎర్రరంగులో ముంచి, మొదటి అక్షరం కింద చిన్న గీత దించారు.